ఒక్కచోటే దాచిన గొంతు

"ఆగు ధనరాజ్! చెరపకు!"

నిర్మల కేకకు మరాఠీ ప్రాంతమైన బాబుపేట్‌లోని ఆ మొబైల్ దుకాణం ఉలిక్కిపడింది. రిపేరు చేసే ధనరాజ్ వేలు గాలిలోనే ఆగిపోయింది.

"దొంగ యాప్ లోపల దూరి లాక్ మార్చేసింది అక్కా. మొత్తం చెరిపితేనే ఫోన్ తెరుచుకుంటది. వేరే రస్తా లేదు."

"అండ్ల మా అమ్మ ఉన్నది!"

ఉన్నది అమ్మ గొంతు. పోయిన వానాకాలంలో కన్నుమూసిన వెంకటమ్మ జోలపాటలు, తిట్లు, "తిన్నవా బిడ్డా" అన్న పలకరింపులు. నిర్మల ముచ్చటపడి రికార్డు చేసుకున్నవన్నీ ఆ ఒక్క ఫోన్‌లోనే ఉన్నాయి. ఇంకెక్కడా నకలు లేదు.

పవర్ ప్లాంట్‌లో ఇంజనీరైన ఆమె భర్త జయప్రకాశ్‌కు కోపం ఆగలేదు.

"పెండ్లి పత్రిక అని ఎవడో పంపితే నొక్కుడేనా? ఈ యాప్ ప్రమాదమని ఫోన్ చెప్పలేదా?"

"ఏదో అడిగింది. సరే అన్న."

"చూడకుండనే?" తన ఫోన్‌లో అలాంటి హెచ్చరికే తెరిచి ఆమె ముందు పెట్టాడు. "చదువు!"

నిర్మల ఆ తెలుగు అక్షరాల వైపు చూసింది. ఆమె బొటనవేలు తిన్నగా నీలం బటన్ మీదికి పోయింది.

"నేనెప్పుడు చదివిన? నీలంది నొక్కితే ముందుకు పోతది, గంతే. మా ఊరు రాజురాల నేను చదివింది మరాఠీ బడి కదా."

జయప్రకాశ్ తన ఫోన్ వెనక్కి తీసుకున్నాడు. కొన్న రోజే ఆ ఫోన్‌ను మరాఠీలోంచి తెలుగులోకి మార్చి, 'మనం తెలుగోళ్లం' అని మురిసిపోయింది తనే. తెలుగు చదవడం రాదని చెప్పడానికి ఆమె సిగ్గుపడింది. వచ్చా అని అతను అడగనేలేదు.

అంతలో కోఠారి ఊరి నుంచి నిర్మల తమ్ముడు ఎల్లేష్ బైక్ మీద వచ్చాడు.

"ఏడువకే అక్కా! మా చిన్నది పండుకుంటలేదంటే అమ్మ పాట ఒకటి పంపలే నువ్వు? నా దగ్గర భద్రంగుంది."

ఎల్లేష్ ఫోన్‌లో ఆ పాట మొదలైంది. పాట మధ్యలో వెంకటమ్మ కసిరింది: "నవ్వకే నిర్మలా, పిల్ల లేస్తది!"

నిర్మల ఏడుస్తూనే నవ్వింది. ఎన్నో పాటల్లో మిగిలింది ఆ ఒక్కటే, అదీ రెండోచోట ఉండబట్టి.

ఎల్లేష్ పళ్లు కొరికాడు. "ఇంతకూ ఎవడు బావా, గా దొంగ?"

జయప్రకాశ్ భార్య చేయి పట్టుకున్నాడు.

"పంపినోణ్ణి పోలీసులు చూసుకుంటరు. కానీ ఆమెకు చదవరాని భాషల హెచ్చరికను కాపలా పెట్టినోడు, అమ్మ గొంతుకు ఇంకో నకలు తియ్యనోడు ఇక్కడనే ఉన్నడు. దోషి ఈ జయప్రకాశే!"