వేలికి పలకని అద్దం

జిగురు తుడిచేసరికి వాన్‌లింగ్ వేళ్ళు ఎప్పటిలాగే తెల్లగా పాలిపోయాయి. ఫోను మీది పగిలిన అద్దాన్ని విడదీశాక తెర మీద పల్చగా మిగిలే జిగురుని మందులో తడిపిన గుడ్డతో తుడవాలి. ఆ మందు జిగురుతో పాటు చర్మంలోని తడినంతా లాక్కుపోతుంది. చేతులకి తొడుగులు కొందామని ఆమె ఎప్పుడో అడిగింది. "తొడుగేసుకుంటే జిగురెక్కడుందో చేతికెలా తెలుస్తుంది? నువ్వొకటి చేసేలోపు పక్క కొట్టువాడు మూడు చేస్తాడు," అన్నాడు భర్త హాన్‌బిన్. ఆ మందు వాసన కూడా తగలనంత దూరంలో కూర్చుని అన్నాడు.

చైనాలోని షెన్‌జెన్ నగరంలో, ఫోన్ల బజారులో వాళ్ళది ఒక బల్లంత కొట్టు. ముందు హాన్‌బిన్ కూర్చుని, వచ్చినవాళ్ళకి చిట్టి కప్పుల్లో టీ పోస్తూ మాట్లాడతాడు. అడ్డుచెక్క వెనక వాన్‌లింగ్ ఉంటుంది. వాళ్ళలా ఛావ్‌జౌ ఊరి నుంచి వచ్చినవాళ్ళ కొట్లు చాలావరకు ఇంతే, మగవాళ్ళు టీ దగ్గర, ఆడవాళ్ళు పని దగ్గర. టీ కప్పులు కడగడం కూడా పనే కాబట్టి అదీ ఆమె వాటాకే వచ్చింది.

సాయంత్రాలు ఇద్దరూ చెక్క వెనక పక్కపక్కన కూర్చుని మరమ్మతుని లైవ్‌లో చూపిస్తారు. పైనుంచి వంగిన కెమెరాకి బల్ల మీది రెండు చేతులు మాత్రమే కనిపిస్తాయి. చేతులు వాన్‌లింగ్‌వి, గొంతు హాన్‌బిన్‌ది. "పాత రకం తెరకి వెనకాల దీపం ఉండేది. దీనికి ఆ దీపం లేదు, చుక్క చుక్కా దానంతటదే వెలుగుతుంది. అందుకే ఇంత పల్చన. వేడి పలక మీద పెట్టి, తెరకీ అద్దానికీ మధ్యన తీగ లాగుతున్నానా, ఇది వెంట్రుకవాసి జారినా సిరా ఒలికినట్టు నల్లమచ్చ పాకేస్తుంది," అని చెప్పుకుపోతాడు. ఆ మాటలన్నీ ఆమె అన్నం వడ్డిస్తూ చెప్పినవే. అతను చక్కగా చెబుతాడు, ఆ మాట కాదనలేం. కానీ 'లాగుతున్నాను' అన్నప్పుడల్లా వాన్‌లింగ్‌కి తన చేతులు తనవి కానట్టు అనిపిస్తుంది.

అసలు కష్టం ఆఖర్న వస్తుంది. కొత్త అద్దం అతికాక, వేలికి పలుకుతోందో లేదో చూసే పరీక్ష పెడితే తెరంతా గళ్ళు వస్తాయి. వేలు రాస్తూ పోతే ఒక్కో గడీ పచ్చబడాలి. తెర మీద కంటికి కనపడనంత కరెంటు పరుచుకుని ఉంటుంది, వేలు తగిలిన చోట అందులోంచి ఓ పిసరు వేల్లోకి దిగుతుంది, ఎక్కడ తగ్గిందో చూసుకుని ఫోను పలుకుతుంది. అందుకు చర్మంలో తడి ఉండాలి. వాన్‌లింగ్ వేలికి గళ్ళు పచ్చబడవు. ఆమె చేతులు పక్కకి తప్పుకోగానే నున్నటి మగవేలొకటి వచ్చి తెరంతా తిరుగుతుంది. చేతులు మారాయని పట్టించుకోకుండా చూసేవాళ్ళు "బిన్ అన్న చెయ్యే చెయ్యి" అని రాస్తారు. "మా ఆవిడ వేలంటే తెరకి కూడా భయం, ముట్టుకుంటే మాట పడిపోద్ది," అని ఒకరోజు హాన్‌బిన్ లైవ్‌లోనే నవ్వించాడు. ఆమె కూడా నవ్వింది. ఎందుకు నవ్వానా అని తర్వాత తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఇంట్లో కూరగాయల లెక్క ఫోనులో కట్టలేక వేలు నాకి తడి చేసుకుంటుంటే అత్తగారు చూసింది. "పొద్దస్తమానం ఫోన్ల మధ్యనే ఉంటావు, నీ ఫోనే నీ మాట వినదేమే? చేతులు మొరటైతే అంతే మరి. మా రోజుల్లో నేనూ గిన్నెలు తోమాను, నా వేళ్ళు చూడు," అంది. ఆవిడ గిన్నెలు తోమడం మానేసింది వాన్‌లింగ్ కోడలిగా వచ్చిన రోజున. ఆ రాత్రి గిన్నెలు కూడా వాన్‌లింగే తోమింది.

తర్వాత వారం గోడౌన్‌లో పెట్టెలు లెక్కపెట్టే పాత చేతియంత్రం ఒకటి మరమ్మతుకి వచ్చింది. దాని తెర వేరే రకం. పైన మెత్తటి పొర, కింద ఇంకో పొర, నొక్కితే రెండూ కలుసుకుంటాయి. దానికి తడీ కరెంటూ అక్కర్లేదు, గోరైనా చాలు, పుల్లైనా చాలు. వాన్‌లింగ్ వేలితో నొక్కింది. కీచుమని పలికింది. ఇంకోచోట నొక్కితే అక్కడా పలికింది. పనేమీ లేకపోయినా ఆమె అలా నొక్కుతూనే ఉండిపోయింది. ఇది వేలుని వేలుగా తీసుకుంటోంది, అంతే కదా, దీనికే ఇంత సంతోషమేమిటి అనుకుంది. తన వేలు మొద్దుది కాదు. దాన్ని అలా చేశారు. ఆ చేసినవాళ్ళలో నోరుమూసుకున్న తనూ ఉంది.

ఆ మధ్యాహ్నమే ఒక పెద్దావిడ కొట్టుకొచ్చి, బాగైన తన ఫోను చూపిస్తూ హాన్‌బిన్ చెయ్యి పట్టుకుంది. "చచ్చిపోయిన మా ఆయన ఫొటోలన్నీ దీన్లోనే ఉన్నాయి బాబూ. మంచి హస్తవాసి నాయనా నీది."

హాన్‌బిన్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "అంతా మీ దయ అత్తా, టీ తాగండి," అన్నాడు. చెక్క వెనక వాన్‌లింగ్ ఆ ఫోనుని గుర్తుపట్టింది. మూల విరిగి, పిండైపోయిన అద్దంతో వచ్చింది అది. ఊపిరి బిగబట్టి ఆ అద్దం తీసింది తనే. ఆవిడ టీ తాగి వెళ్ళిపోయింది, కప్పు లోపలికి వచ్చింది.

సాయంత్రం లైవ్ మొదలైంది. వేడి పలక మీద ఫోను పెట్టారు, చూసేవాళ్ళు నిండుగా ఉన్నారు. "ఇప్పుడు నేను తీగ ఎక్కిస్తున్నాను," అన్నాడు హాన్‌బిన్.

వాన్‌లింగ్ వేడి ఆపేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

బల్ల మీద ఖాళీగా ఫోను ఒక్కటే కనిపిస్తోంది. హాన్‌బిన్ మోచేత్తో పొడిచాడు. ఆమె కదల్లేదు. అతను మైకు మూసి, "ఏమైంది నీకు? ఇంతమంది చూస్తున్నారు. పంతాలకి పోయి పరాయి ఫోను పాడుచేస్తావా?" అన్నాడు.

"పాడవదు. చల్లారితే మళ్ళీ వేడి చేసుకోవచ్చు. నువ్వే ఎక్కించు తీగ."

"నాకొచ్చా?"

"మరి వచ్చని రోజూ చెబుతున్నావుగా."

అతను తీగ వైపు చూశాడు, ముట్టుకోలేదు. "అవి నీ చేతులని అందరికీ తెలిసి ఏం ఒరుగుతుంది? ఇంట్లో నాకు తెలుసు, అమ్మకి తెలుసు."

"నాకు సరిపోవట్లేదు," అంది వాన్‌లింగ్. కోపంగా అనలేదు. ఉప్పు సరిపోలేదని చెప్పినట్టే చెప్పింది.

చెయ్యి చాచి కెమెరా మెడ పట్టుకుని తన ముఖం వైపు తిప్పుకుంది. అతని చేతి కిందనుంచి మైకు లాక్కుని తెరిచింది. "నా పేరు వాన్‌లింగ్. ఇన్నాళ్ళూ మీరు చూసిన చేతులు నావి. జిగురు మందుకి వేళ్ళు ఎండిపోయాయి, అందుకే ఆఖర్న మా ఆయన వేలు పెడుతున్నాడు. ఇవాళ్టి నుంచి తీగ నేను లాగుతాను, జిగురు ఆయన తుడుస్తాడు. నా వేళ్ళు మానేదాకా గళ్ళు కూడా ఆయనే చూస్తాడు. మానాక నేనే చూస్తాను," అంది.

వేడి పలక మళ్ళీ వెలిగించి తీగ ఎక్కించింది. అద్దం ఒక్క పెచ్చు కూడా లేవకుండా వచ్చింది. తెరని హాన్‌బిన్ ముందుకి జరిపింది.

ఏడేళ్ళుగా ఆ కొట్టు యజమాని అయిన హాన్‌బిన్ బల్ల మీదా బల్ల కిందా కాసేపు తడుముకుని, "జిగురు మందు ఎక్కడుంటుంది?" అని అడిగాడు.