ఏడో ప్లేటు

మా ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి నాలుగేళ్ళయింది. అన్నయ్య నన్ను 'జారుడుబల్ల' అంటాడు. కోపమొస్తే అమ్మ కూడా అదే అంటుంది. నేను మొట్టమొదట విప్పి బిగించిన ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఊరి వాటర్ ట్యాంకుకు వెళ్ళే ఎత్తు ఎక్కుతూ సగం దారిలో జారిపోయింది. ఇంజన్ గొంతు చించుకుంటోంది, కారు మాత్రం తీరిగ్గా వెనక్కి వస్తోంది. పక్కన కూర్చున్న టీచరమ్మది ఆ కారు. "ఇది వెనక గేరా అమ్మా?" అని ఎంతో మర్యాదగా అడిగింది. ఆ మర్యాద నాకు తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

నాన్న గేర్‌బాక్స్ మేస్త్రి. షెడ్డులో కిటికీ పక్కన ఆయన పనిబల్ల ఉంటుంది. మందపాటి చెక్క, పైన రేకు తాపడం, ఎడమ మూల ఆయన మోచేయి ఆని ఆని నున్నబడిన గుంట. ఇప్పుడు ఆయన వేళ్ళు బిగుసుకుపోయి చిన్న స్ప్రింగులు పట్టుకోలేకపోతున్నాయి. ఆ బల్ల ఎవరికో ఒకరికి అప్పజెప్పాలి. అన్నయ్యకు తన ఇంజన్లు పెట్టుకోవడానికి కావాలి. నాకు గేర్‌బాక్సులకు కావాలి. చిన్నప్పుడు దాని కింద కూర్చుని, పైనుంచి రాలే ఇనప రింగులు ఏరుకున్నది నేను. అన్నయ్య ఎప్పుడూ ఆ దరిదాపులకు కూడా రాలేదు.

నాన్న పాత కారులో అన్నయ్య ఈ మధ్యే ఒక పెద్ద ఇంజన్ కూర్చోబెట్టాడు. పాతదానికి దాదాపు రెట్టింపు బలం. రెండు వారాల్లో ఆ బలం పాత గేర్‌బాక్స్‌ను మాడ్చేసింది. అన్నయ్య మాత్రం, "నా ఇంజన్‌లో తప్పేం లేదు. నీ గేర్‌బాక్సులే సుకుమారం" అని మీసం దువ్వుకున్నాడు.

"సరే, దీన్ని నువ్వు కట్టు" అన్నాడు నాన్న నాతో. "కొత్త ఇంజన్‌ని తట్టుకోవాలి. ఆదివారం పొద్దున ట్యాంకు ఎత్తు జారకుండా ఎక్కిందా, బల్ల నీది. జారిందా, అన్నయ్యది."

విప్పగానే మాడిన వాసన గుప్పుమంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఒక డ్రమ్ము ఉంటుంది. అందులో గరుకు పూత ఉన్న ప్లేటు ఒకటి, నున్నటి ఉక్కు ప్లేటు ఒకటి, మళ్ళీ పూత ప్లేటు, ఇలా వరసగా పేర్చి ఉంటాయి. నూనె ఒత్తిడి వాటిని అదిమి పట్టుకుంటే బండి కదులుతుంది. పట్టు చాలకపోతే అవి ఒకదాని మీద ఒకటి జారి మాడిపోతాయి. తయారుచేసినవాళ్ళు ఇందులో ఆరు పూత ప్లేట్లు పెట్టారు. నేను ఏడు పెట్టాలని పట్టుబట్టాను. ఏడో దానికి చోటు కోసం, పైన మూతలా కూర్చునే మందపాటి పళ్ళాన్ని లేతు మేస్త్రి దగ్గర సన్నం చేయించాను. "ఇంకొంచెం చెక్కితే అటువైపు నుంచి నువ్వు కనపడతావమ్మా" అన్నాడాయన. నూనె ఒత్తిడి పెంచడానికి గట్టి స్ప్రింగు వేశాను. నూనె చల్లబడటానికి కారు ముందు పెద్ద కూలర్ బిగించాను.

కొత్త పూత ప్లేట్లను బిగించేముందు ఒక రోజంతా గేర్‌బాక్స్ నూనెలో నానబెట్టాలి. పొడిగా బిగిస్తే ఆదిలోనే మాడతాయి. షెడ్డులో దుమ్మని, అమ్మ పెద్ద స్టీలు గిన్నె తీసుకుని వంటింటి గట్టు మీదే నానబెట్టాను. లెక్కపెట్టి మరీ ఏడు వేశాను.

"అమ్మా, ఇవి నానుతున్నాయి. ముట్టుకోకు."

"నానాక ఉడికించాలా?" అంది అమ్మ.

మర్నాడు గిన్నె బల్ల దగ్గరికి తెచ్చుకుని, చేతికి అందినవి అందినట్టు పేర్చేశాను. గిన్నె ఖాళీ అయింది, పని అయింది. నిన్న నేనే వేశాను కదా, మళ్ళీ లెక్కేమిటన్న ధీమా. చివరికి ప్లేట్లకూ పై పళ్ళానికీ మధ్య సందు కొలిస్తే కాస్త ఎక్కువ వచ్చింది. ఒక ఉక్కు ప్లేటు తీసి, దాని బదులు ఇంకాస్త మందపాటిది వేసి సరిచేశాను. ఇది ప్రతి గేర్‌బాక్స్‌లోనూ ఉండేదే.

ఆదివారం పొద్దున, బయట అన్నయ్య హారన్ మోగిస్తున్నాడు. నేను నిలబడే పాలు తాగేద్దామని వంటింట్లోకి వెళ్ళాను. పాలగిన్నె ఎత్తితే దాని కింద గుండ్రంగా, లోపల పళ్ళతో, గోధుమరంగు పూతతో కూర్చుని ఉంది నా ప్లేటు.

మా ఇంట్లో గుండె కూడా జారుతుందని అప్పుడే తెలిసింది.

"ఇదెక్కడిదమ్మా?"

"నీ నూనెగిన్నెలోదే. కుదురుగా బాగుంటుందని ఒకటి తీశాను. సబ్బుతో మూడుసార్లు కడిగాను. అన్ని ఉన్నాయి, ఒకటి తీస్తే ఏమయిందే?"

నాకు కోపం నషాళానికి అంటింది. అమ్మ మీద కాదు, నా మీదే. ఒక పూత ప్లేటు తగ్గితే సందు పెరుగుతుంది. ఆ పెరిగిన సందును నా చేతులతో నేనే మందపాటి ఉక్కుతో కప్పెట్టానేమో. అయితే లోపల ఉన్నవి ఆరే. ఆరుతో ఈ ఇంజన్ ఎత్తు ఎక్కదు.

నోరు మూసుకుని కారెక్కాను. పక్కన నాన్న, వెనక అన్నయ్య. చప్పుడు చెయ్యకుండా నెమ్మదిగా తొక్కితే ఎక్కేస్తుందేమో అని దారి పొడుగునా నాకు నేను చెప్పుకున్నాను. ఎత్తు మొదట్లో టీచరమ్మ గొంతు గుర్తొచ్చింది. బండి ఆపేశాను.

"నాన్నా, ఇందులో ఒక ప్లేటు తక్కువుందేమో. బిగించేటప్పుడు లెక్కపెట్టలేదు. అది అమ్మ పాలగిన్నె కింద కుదురై కూర్చుంది. ఇంటికెళ్ళి విప్పేస్తాను. బల్ల అన్నయ్యకే ఇచ్చెయ్."

అన్నయ్య నవ్వుతాడనుకున్నాను. వాడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

నాన్న చెవి గోక్కున్నాడు. "ఎన్ని నానబెట్టావు?"

"ఏడు. లెక్కపెట్టే వేశాను."

"తర్వాత నేనొకటి వేశాను."

ఆయన వంక చూశాను.

"నేనెప్పుడూ ఒకటి ఎక్కువే నానబెడతాను. ఏ దాని పూతయినా పొక్కి ఉంటే, చేతికి ఇంకోటి ఉండాలి కదా. ప్యాకెట్లో ఎనిమిదోది కనపడింది, వేసేశాను. నీకు చెప్పడం మర్చిపోయాను."

అన్నయ్య వేళ్ళు మడిచాడు. "ఏడూ ఒకటీ ఎనిమిది. అమ్మ తీసింది ఒకటి."

"ఏడు" అన్నాం ముగ్గురం.

"ఆ మాట అప్పుడే చెబితే నీ సొమ్మేం పోయేది నాన్నా? పొద్దుట్నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క గిన్నెలో ఇంటిల్లిపాదీ చేతులు పెడితే నేను పనెలా చెయ్యను?"

"తప్పు నాదే" అన్నాడు నాన్న. ఆయన నోట ఆ మాట విన్నది నాకు అదే మొదటిసారి. "ఇక తొక్కు."

తొక్కాను. నెమ్మదిగా కాదు, ఉన్న కోపమంతా పెట్టి తొక్కాను. రెండో గేరుకు మారినప్పుడు అన్నయ్య తల వెనక సీటుకు కొట్టుకుంది. టీచరమ్మ కారు జారిన దీపస్తంభం వచ్చింది. బండి దాన్ని పట్టించుకోకుండా దాటేసింది. ఇంజన్ ఎంత అడిగితే చక్రాలు అంతా ఇచ్చాయి. ట్యాంకు పక్కన ఆపాను. సంతోషంతో ఏడుపు వచ్చేస్తుంటే కూలర్ చూస్తానని దిగిపోయాను.

అన్నయ్య తల రుద్దుకుంటూ దిగి నావైపు చూపించాడు. "ఇక దీన్ని ఏమని పిలవాలి నాన్నా?"

"పేరులో సగం తీసెయ్" అన్నాడు నాన్న. "జారుడు పోయింది. బల్ల మిగిలింది. అది దానిది."