ఆదోని గొట్టం, ఎమ్మిగనూరు పెట్టె

గోడలకు సున్నం కొట్టించాక కోడలు కవిత తెగేసి చెప్పింది. అలమరలో చోటు ఒక్కదానికే. మామ గొట్టపు మైకో, అత్త పెట్టె స్పీకరో, ఏదో ఒకటే ఉంటుంది. రెండోది పాత సామాన్ల బండికి పోతుంది. కుట్టుమిషను పెట్టుకోవడానికి ఆ పిల్లకు మాత్రం చోటు వద్దా?

అత్త భీమక్కకు తన పెట్టె మీదే ప్రాణం. ఆ పెట్టె ఎమ్మిగనూరులో ఆమె నాయన చేయించింది. చుట్టూ టేకు చెక్క, ముందువైపు అమ్మ సొంత మగ్గం మీద నేసిన చారల గుడ్డ. గుడ్డ ఎడమ మూల ఒక పోగు తప్పింది. పక్కింటామెతో మాటల్లో పడి తప్పించానని అమ్మ చెప్పుకుని నవ్వేది. మగ్గాల ఊళ్లో స్పీకరు అరవకూడదు. వీధి వీధంతా టకటకలాడుతుంటే దాని మీద అరిచి ఎవరు గెలుస్తారు? ఆ చప్పుడు కింద నుంచి పాట మెల్లగా పాకి రావాలి. అందుకే అక్కడివాళ్లు బరువైన పెట్టె, లోపల పాట పలికే మెత్తని కాగితపు గిన్నె పెట్టించుకునేవాళ్లు.

ఆదోని వాళ్లకు అంత ఓపిక ఏది? పత్తి మిల్లుల రొదనూ లారీల రొదనూ చీల్చుకుని పోవాలి. కాబట్టి అల్యూమినియం గొట్టం, చేటంత నోరు. భీమక్క మొగుడు బసన్న నలభై ఏళ్లు ఆ గొట్టాన్ని నమ్ముకునే మైకుసెట్టు నడిపాడు. పెళ్లయిన కొత్తలో దాని గొంతు విని భీమక్క చెవుల్లో పత్తి పెట్టుకుంది. ఆదోనిలో పత్తికేం కరువు!

"దాని గొంతు పోయి పదేండ్లాయప్పా. ఇప్పుడు దగ్గినా పక్కింటికి యినపడదు," అంది భీమక్క.

బసన్నకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ఏమే, మన మిద్దె మీద కట్టి మాట్లాడితే మార్కెట్ యార్డు గేటు కాడికి పోతాండె. ఇప్పుడూ పోతాది. పోకుంటే నేనే బండికేస్తా. పోతే నీ పెట్టె బండెక్కాల."

"యినేదెవరు?"

"నువ్వే పో."

"నా మాట నమ్ముతావా?"

"నలబై ఆరేండ్లు నీ చారు తాగినోన్ని. మాట నమ్మలేనా?"

సాక్షిగా పక్కింటి సువార్తమ్మను తోడు తీసుకుంది భీమక్క. సువార్తమ్మ ముప్పై ఏళ్లు పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసి, చెవులు అక్కడే వదిలేసి వచ్చిన మనిషి. దగ్గరకొచ్చి అరిస్తేనే వినిపిస్తుంది. భీమక్క ఏరికోరి ఆమెనే పిలిచిందని వేరే చెప్పాలా!

బసన్న మిద్దె మీద గొట్టం కట్టగానే వాళ్లిద్దరూ బయలుదేరారు. వెనక నుంచి "హలో... హలో... ఒకటి, రెండు..." అని బసన్న గొంతు తరుముకొస్తోంది. రెండో మలుపు తిరిగేసరికి సువార్తమ్మ ఆగింది. "గొంతు నిలిసిపాయెనక్కా!"

"అవునవును," అంది భీమక్క. అన్నదే గానీ కాళ్లు ఆగలేదు. గేటు దాటి, పత్తి లారీల దాకా పోయింది. ఒక డ్రైవరు ఇంజను ఆపాడు. రొద తగ్గిన ఆ సందులో సన్నగా, పోగులాగా వచ్చింది మాట. సాగిందే గానీ తెగలేదు. ఇన్నేళ్లూ దాని కిందే నిలబడి చెవులు మూసుకున్న మనిషికి, దూరం నుంచి అది ఇంత నెమ్మదిగా ఉంటుందని ఎట్లా తెలుస్తుంది?

"ఇంత దూరం నీకేం యినపడతాదిలే గానీ భీమా... పొద్దున చారులో ఉప్పు లేదు. సెప్తే నొచ్చుకుంటావని తాగేసినా."

ఇంటికొచ్చి భీమక్క ఒకటే మాట చెప్పింది. "యినపడలే."

"నాకైతే రెండో మలుపు కాడనే నిలిసిపాయె," అని వంత పాడింది సువార్తమ్మ.

బసన్న నమ్మేశాడు. గొట్టాన్ని భుజానేసుకుని మిద్దె దిగి, గడప మీద కూర్చుని, తువ్వాలతో దాని నోరు తుడిచాడు. స్క్రూలు ఒక్కొక్కటే విప్పసాగాడు. అనుమానపడినా బాగుండు, పోట్లాడినా బాగుండు. ఆ నమ్మకమే భీమక్కను లోపల గిల్లింది. కానీ అంతకంటే ముందు గిల్లింది ఇంకొకటుంది. ఎంతసేపని ఓర్చుకుంటుంది?

"ఉప్పు లేదంట, ఉప్పు! ఊరంతా యినేటట్ల సెప్తావా? రెండు సెంచాలేసినా! నీ నాలికే సచ్చింది!"

బసన్న చేతిలో స్క్రూ ఆగిపోయింది. "నీకెవరు సెప్పినారే?"

"దావలో... ఎవరో అన్నారు."

భీమక్క అరుపు ఈసారి సువార్తమ్మకు కూడా చక్కగా వినపడింది. "దావలో మనల్ని ఒక్కరన్నా పలకరియ్యలేదే అక్కా!"

కవిత నవ్వు ఆపుకుంటూ వచ్చింది. "అత్తా, యాడ నిలబడి యిన్న్యావు?"

"గేటు కాడ."

"గేటుకి ఈతలా, ఆతలా?"

"ఆతల. లారీల కాడ. సాలా?"

పందేనికి ఒప్పుకున్నాక తప్పుతుందా? భీమక్క లేచి పెట్టెను అలమరలోంచి దించింది. కొంగుతో గుడ్డ తుడుస్తూ ఎడమ మూల వేలు కాసేపు ఆపింది. "బండోన్ని పిలువు కవితా," అంది మొహం తిప్పుకుని.

బసన్న ఇదేమీ వినడం లేదు. విప్పిన స్క్రూలు మళ్లీ బిగిస్తున్నాడు. "గేటుకి ఆతలికే! ఇంత గొంతున్నదాన్ని తెచ్చి అలమరలో కూసోబెడతారా? కవితా, నిచ్చెన తేమ్మా. మిద్దె మీదనే కడతా."

"మరి ఈ పెట్టె?"

"అలమర కాళీనే గదే. ఆడ్నే పెట్టు."

భీమక్క ఇంకోసారి అడిగితే ఒట్టు. పెట్టెను గబగబా అలమరలో సర్దేసి, కోడలి చేతిలోంచి నిచ్చెన లాక్కుని గోడకు ఆనించి పట్టుకుంది.

"ఎక్కు నాయనా, ఎక్కు. ఆడికి పోయి నోరు తెరిస్తే మాత్రం నిచ్చెన తీసేస్తా. రాతిరి దాకా ఆడ్నే ఉందువు గానీ."