నాలుగో టైలు దాకా

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది నలుగురు. స్నానానికి దిగే వరసలోనే చెప్పాలంటే మామగారు తమోత్సు, ఆయన కొడుకు మసనోరి, అత్తగారు ఫుసాయే, చివర కోడలు ఓరియే. ఆ ఇంట్లో వరస ఎప్పుడూ అదే. అందరూ తొట్టి బయట ఒళ్ళు రుద్దుకుని, ఒక్క తొట్టి వేడినీళ్ళలోనే ఒకరి తర్వాత ఒకరు మెడదాకా మునిగి కూర్చుంటారు. ఓరియే వంతు వచ్చేసరికి మాత్రం నీళ్ళు పైనుంచి నాలుగో టైలు దగ్గరికి దిగిపోయి ఉండేవి. కూర్చుంటే బొడ్డు దాటేవి కావు. పగలంతా ఊరగాయల కార్ఖానాలో మంచులాంటి నీళ్ళలో ఆకులు కడిగి వచ్చిన మనిషి, మోకాళ్ళు ముడుచుకుని, భుజాల మీద చెంబుతో పోసుకుంటూ పదకొండు చలికాలాలు గడిపింది.

తొట్టి కారుతోందని ఆమె చెప్పకపోలేదు. పెళ్ళయిన ఏడాదే చెప్పింది. ఆఖర్న దిగేవాళ్ళకి నీళ్ళు తగ్గక పెరుగుతాయా అని మసనోరి నవ్వాడు. తన వంతులో చుక్క కూడా తగ్గలేదన్నాడు మామగారు. అదీ నిజమే, ఆయన దిగేది అప్పుడే నింపిన నీళ్ళలో. అత్తగారు మాత్రం, "చెంబులు చెంబులు తోడి పారబోస్తే ఏ తొట్టి నిలుస్తుందే?" అంది. ఆనాటినుంచి ఓరియే చెంబులు లెక్కపెట్టుకునేది. ఆరు దాటితే ఏదో దొంగతనం చేసినట్టుండేది.

చివరికి ఆ ఆదివారం తనే తెల్ల సిమెంటు డబ్బా కొనుక్కొచ్చింది. మగవాళ్ళు టీవీ ముందు చేరాక, ఖాళీ తొట్టిలో కూర్చుని, నాలుగో టైలు కింద పగిలిన సందుని పాత స్క్రూడ్రైవరుతో గీకింది. ముందు నల్లటి బూజు రాలింది. తర్వాత ఏదో మెత్తగా, పసుపుపచ్చగా ఊడి చేతిలో పడింది. వాసన చూసింది. కొవ్వొత్తి. ఇంట్లో చనిపోయిన పెద్దల పీఠం ముందు రోజూ పొద్దున వెలిగించేది. దాని మీద ఒక బొటనవేలి గుర్తు స్పష్టంగా ఉంది.

టీ తాగమని పిలవడానికి వచ్చిన ఫుసాయే గుమ్మంలోనే ఆగిపోయింది. ఓరియే అరచేయి చాపింది.

"ఇదేమిటి అత్తయ్యా?"

"నాదే," అంది ఫుసాయే. "అప్పట్లో ఆఖరు నేను. సిమెంటు కొనమని అడిగే నోరెక్కడిది? పీఠం దగ్గర మిగిలిన ముక్కలు కరిగించి అద్దేదాన్ని. వేడికి మెత్తబడి ఊడిపోయేది. మళ్ళీ అద్దేదాన్ని. అట్లా ఇరవై ఏళ్ళు."

"మరి నేను వచ్చాక?"

"నువ్వొచ్చాక నా వంతు ముందుకి జరిగింది కదా."

బయట మంచు పడుతోందని చెప్పినంత మామూలుగా చెప్పి, టీ చల్లారిపోతుందని వెళ్ళిపోయింది.

ఓరియే తొట్టిలోంచి లేవలేకపోయింది. తెలిసి కూడా చెప్పలేదన్న సంగతి కాదు ఆమెని అంతగా దెబ్బతీసింది. ఆ చెంబుల మాట. తెలియక అన్నదనుకునే ఇన్నాళ్ళూ దాన్ని భరించింది. నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో వేలితో తడిమి చూసిన మనిషి అన్న మాట అది. ఆ మాటకే తను ఆరు చెంబుల దగ్గర ఆగిపోయింది. సిమెంటు కలిపి, ఒక్కో సందూ బొటనవేలితోనే నొక్కి పూడ్చింది. ఒక రోజంతా ఆరాలని డబ్బా మీద రాసి ఉంది.

మర్నాడు సాయంత్రం అంచుదాకా వేడినీళ్ళు నింపింది. గంట గడిచింది. నీళ్ళు వెంట్రుకవాసి దిగలేదు. నీళ్ళు కాగాయని మామగారిని పిలవాల్సిన సమయం. పిలవలేదు. ఒళ్ళు రుద్దుకుని, తనే దిగింది. నీళ్ళు అంచు దాటి నేలమీదికి దూకాయి. తను దిగినప్పుడు ఆ చప్పుడు ఆమె ఎప్పుడూ వినలేదు.

మామగారి తువ్వాలు తెచ్చిన ఫుసాయే తలుపు జరిపి, కొయ్యబారిపోయింది.

"నేను లేవను అత్తయ్యా," అంది ఓరియే. తన గొంతే తనకి కొత్తగా వినిపించింది.

వసారాలో చెప్పుల చప్పుడు దగ్గరపడింది. నీళ్ళు కాగాయా అని తమోత్సు అడుగుతున్నాడు. ఫుసాయే నీళ్ళలో మునిగి ఉన్న నాలుగో టైలు వంక కాసేపు చూసింది.

"సిమెంటింకా ఆరలేదు," అంది వెనక్కి తిరక్కుండానే. "ఇవాళ్టికి మీరు కాళ్ళు కడుక్కుని పడుకోండి."

తలుపు మూసేసింది.