కాలికింద మెత్తన

డ్రైవర్ సీట్లోంచి ఆమెను బయటికి లాగేశాక కూడా కారు ఇంజన్ గొంతు చించుకుని అరుస్తూనే ఉంది.

గోడౌన్ గోడకి ముక్కు గుద్దుకుని, బానెట్ పైకి లేచి, ఆ డీజిల్ కారు పూనకం వచ్చినట్టు ఊగిపోతోంది. లోడింగ్ వాళ్ళు ఆమెను బల్ల మీద పడుకోబెట్టి నీళ్ళు తాగిస్తున్నారు. సేల్స్ మేనేజర్ ఆఫీసు మెట్లు దూకుతూ వచ్చాడు. కారు కంపెనీది, వాడుకునేది అతను. ఆమె ఆ కంపెనీలోనే సర్వీస్ ఇంజనీర్. ఆ పొద్దున ఆమె వ్యాను మొరాయిస్తే, పంపు బిగించే పని ఆగకూడదని తన తాళాలు ఆమె చేతిలో పెట్టింది అతనే.

పగిలిన కిటికీలోంచి తల దూర్చి చూశాడు. గేరు న్యూట్రల్లో ఉంది. కింద, అతను ముచ్చటపడి వేయించుకున్న మందపాటి మ్యాట్ ముందుకి జారి ఉంది. దాని అంచు ఆక్సిలరేటర్ మీదికెక్కి, పెడల్‌ను నేలకి నొక్కిపట్టింది.

చెయ్యి దానంతటదే వెళ్ళింది. మ్యాట్ లాగాడు. అరుపు తగ్గింది. తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు.

వాచ్‌మన్ రొప్పుతూ వచ్చాడు. “సమయానికి ఆపారు సార్! లేకపోతే అంటుకునేది. అయినా, మనిషి దిగిపోయాక కూడా అలా అరుస్తుందేంటి సార్?”

“దెబ్బకి ఏదో పట్టేసుంటుంది,” అన్నాడు సేల్స్ మేనేజర్.

మొదటి అబద్ధం అంత తేలిగ్గా వచ్చింది. రెండోదానికి నోరు కూడా తెరవనక్కర్లేకపోయింది. అందరూ అంబులెన్స్ వెంట గేటు దాకా వెళ్ళినప్పుడు మ్యాట్‌ని చుట్టచుట్టి చంకలో పెట్టుకున్నాడు.

కంపెనీ కార్లలో ఏ మార్పూ చేయించకూడదని రూలు. కానీ సగం జీవితం రోడ్ల మీదే గడిచిపోయేవాడికి రూలు కంటే నడుం నొప్పి ఎక్కువ గుర్తుంటుంది. పైగా ఆ పని తెలిసినవాడు ఇంట్లోనే ఉన్నాడు. సేల్స్ మేనేజర్ బావమరిదికి కార్ల రిపేరు షాపు ఉంది. వాడి అసలు పేరు వాడి అక్కకి తప్ప అందరికీ మరుపే, టర్బో అంటేనే పలుకుతాడు. టర్బో ఇంజన్ కంప్యూటర్లో ప్రోగ్రాం మార్చాడు. కాలు ఆనిస్తే చాలు, కారు లేడిలా దూకేది. సీట్లో కొత్త స్పాంజి పెట్టాడు. డీజిల్ మోత వినపడకుండా కింద దళసరి ఫెల్టు పరిచాడు. దాని మీద పాత మ్యాట్ కుదరలేదు. మ్యాట్‌ని కదలకుండా పట్టి ఉంచే కొక్కేలు పీకేసి ఈ మెత్తటిది వేశాడు. చెప్పులిప్పి కాళ్ళు పెడితే పరుపు మీద పెట్టినట్టుండేది.

అది జారుతుందని సేల్స్ మేనేజర్‌కి మొదట్లోనే తెలిసింది. ఎక్కగానే మడమతో వెనక్కి లాక్కోవడం అలవాటైంది. అలవాటయ్యాక అది చేస్తున్నట్టే తెలియడం మానేసింది. తాళాలిస్తూ ఆమెకి ఏసీ ఎలా తగ్గించాలో చెప్పాడు, అద్దాలు ఎలా మడవాలో చెప్పాడు. ఆ ఒక్క ముక్కా చెప్పలేదు.

సాయంత్రం సేల్స్ మేనేజర్ ఆ మ్యాట్‌ని టర్బో షాపులో బల్ల మీద పడేసి, టీ గ్లాసు ముందు కూర్చున్నాడు.

“బావా, ఆ టీ తాగు, చల్లారిపోతోంది,” అన్నాడు టర్బో, మ్యాట్‌ని కత్తెరతో ముక్కలు చేస్తూ. “ఆ కారు రిపేరుకి మన షాపుకే తెప్పించు. ఫెల్టు పీకేస్తా, కొక్కేలు బిగిస్తా, పాత ప్రోగ్రాం ఎక్కించేస్తా. ఆ తర్వాత కంపెనీవాడు కాదు కదా, ఆ కారుని కన్నవాడొచ్చినా కనిపెట్టలేడు.”

“ఆ అమ్మాయి చెయ్యి విరిగిందిరా.”

“చెయ్యి అతుక్కుంటుంది. నీ ఉద్యోగం పోతే అతుక్కుంటుందా? అక్కకి చెప్పావా?”

“లేదు.”

“చెప్పకు. చెప్తే ముందు నా షాపుకి తాళం పడుతుంది, తర్వాత నీ కంచానికి.”

టర్బో తన జోకుకి తనే నవ్వాడు. సేల్స్ మేనేజర్ గోడౌన్‌కి ఫోన్ చేసి, కారు ఎక్కడికి పంపాలో చెప్పాడు. మర్నాడే కారు ఆ షాపుకి చేరింది.

వారం తిరిగేసరికి ఆఫీసులో కథ గట్టిపడిపోయింది. కంగారులో బ్రేకు అనుకుని ఆక్సిలరేటర్ తొక్కిందట. క్యాంటీన్లో ఒకడు, “ఆవిడ బండి తీస్తోందంటే గోడలే పక్కకి తప్పుకోవాలి,” అన్నాడు. బల్లంతా ఘొల్లుమంది. సేల్స్ మేనేజర్ తల వంచుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

జనరల్ మేనేజర్ అతన్ని తన గదికి పిలిచాడు.

“ఆ అమ్మాయిని ఫీల్డు నుంచి తీసేద్దాం. ఇక ఫోన్ల దగ్గర కూర్చుని కంప్లయింట్లు రాసుకుంటుంది. ఫీల్డు పనికోసం రెండేళ్ళు నాతో పోట్లాడింది, ఒప్పుకోదేమో. నువ్వంటే గౌరవం కదా, నువ్వెళ్ళి నచ్చజెప్పు.”

“నేనా సార్?”

“నువ్వే. ఇంజన్ ఆపి గోడౌన్ కాపాడినవాడివి. నీ మాట వింటుంది.”

ఆమె ఉండేది మేడ మీద చిన్న వాటా. తలుపు తీసే ఉంది. చెప్పులు విప్పబోతూ సేల్స్ మేనేజర్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఆమె గది మధ్యలో కుర్చీలో కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి కట్టులో ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. కుడికాలి ముందు నేల మీద రెండు చెప్పులున్నాయి, ఒకటి భర్తది, ఒకటి ఆమెది. ఎదురుగా అత్తగారు బఠాణీలు ఒలుస్తూ గట్టిగా కేకలేస్తోంది.

“బ్రేకు! పోనియ్! బ్రేకు! బ్రేకన్నానా!”

కేక వినపడ్డప్పుడల్లా ఆమె కాలు టక్కున సరైన చెప్పు మీద పడుతోంది.

“ఏమే, బ్రేకంటే చాలు, నా కొడుకు చెప్పుని కసిదీరా తొక్కుతున్నావు!”

“అమ్మా, నువ్వు ట్రాఫిక్ పోలీసువి కావాల్సింది,” అన్నాడు కిటికీ దగ్గర భర్త. అప్పుడు చూశాడు అతన్ని. “రండి సార్, రండి.”

ఆమె కళ్ళు తెరిచి లేవబోయింది. సేల్స్ మేనేజర్ వద్దని చెయ్యూపి, గోడవార కుర్చీలో అంచున కూర్చున్నాడు.

“రోజూ ఇదే పని సార్,” అందామె, కాస్త సిగ్గుపడుతూ. “ఒక్కసారీ తప్పడం లేదు. ఆ రోజే ఎలా తప్పానో తెలీడం లేదు. నాకైతే బ్రేకే తొక్కినట్టు గుర్తు. తొక్కుతుంటే రాయిలా బిగుసుకుపోయింది. కారు ఇంకా దూకుతోంది. గేరు తీసేశాను అనిపిస్తుంది. కానీ అందరూ చెప్పగా చెప్పగా, అదంతా నేనే కల్పించుకున్నానేమో అని భయం. ఎదురుగా ఆ లోడింగ్ తాత పక్కకి దూకకపోతే ఏమయ్యేదో, సార్. ఫోన్ల దగ్గర వేస్తారని విన్నాను. వేసేయండి సార్. నా కాలిని నేనే నమ్మలేకపోతే ఎవరి మీదికైనా పోనిచ్చేస్తాను.”

నచ్చజెప్పే పని కూడా లేకుండా పోయింది. సరేనమ్మా అని లేచి వెళ్ళిపోవచ్చు. అతను మోకాళ్ళ మీద చేతులు ఆనించాడు కూడా.

అత్తగారు చేట పక్కకి పెట్టింది. “ఆగు బాబూ. ఇంజన్ ఆపింది నువ్వేనటగా. అందరికంటే ముందు లోపలికి తొంగిచూసింది నువ్వు. అప్పుడేం చూశావు?”

ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. సేల్స్ మేనేజర్ ఆమె వైపు తిరిగాడు.

“గేరు న్యూట్రల్లో ఉంది. నువ్వు తీసిందే. నువ్వు తొక్కింది బ్రేకే. ఆక్సిలరేటర్‌ని తొక్కిపట్టింది నా మ్యాట్. కాళ్ళకి మెత్తగా ఉంటుందని కొక్కేలు పీకించి వేయించుకున్నాను. అది జారుతుందని నాకు తెలుసు, నీకు చెప్పలేదు. అది మరుపు. కానీ ఆ తర్వాత చేసింది మరుపు కాదమ్మా. మ్యాట్ లాగేసి దాచాను. ఇంజన్ బలం పెంచిన సంగతి దాచాను. కారుని నా బావమరిది షాపుకి పంపి అన్నీ మార్పించేశాను. ఇప్పుడు ఎవరు వెతికినా ఏమీ దొరకదు, నేను చెప్తే తప్ప. వారం నుంచి నీమీద వేసే జోకులు వింటూ అన్నం తిన్నాను. ఇవాళ కూడా నిన్ను ఒప్పించి వెళ్ళిపోదామనే వచ్చాను.”