అరగంట కూర్చుని వెళ్లాలి

ఏడో కుర్చీని కూడా క్లోరిన్ నీళ్ల గుడ్డతో తుడిచి, నేల మీద అంటించిన పసుపు టేపు దగ్గరికి జరిపింది ఓర్ఫెలీనా. కుర్చీకీ కుర్చీకీ మధ్య రెండు మీటర్లు. మార్చి నుంచి లోపల ఎవరినీ కూర్చోనివ్వడం లేదు. అలర్జీ క్లినిక్ మొత్తం వెనక కార్లు ఆపే ఆవరణలోకి వచ్చి పడింది. ఇప్పుడు అక్టోబరు, భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న ఈ దేశంలో వసంతం. తాల్కా ఊరి వీధుల్లో ప్లాటనో అనే నీడచెట్లు నూగు రాలుస్తున్నాయి. తుడిచిన కుర్చీ మీద నూగు మళ్లీ వచ్చి వాలింది. ఆమె మళ్లీ తుడిచింది.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టి. ముక్కు దూలం మీద మాస్కు తీగ ఒరుసుకుని కాయ కాసింది. రోజంతా శానిటైజరు జెల్ పూసీ పూసీ వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలింది. పిడికిలి ముడిస్తే ఎర్రగా విచ్చుకుంటుంది. మొదట్లో మండేది. ఇప్పుడు మండుతోందో లేదో ఆమె పట్టించుకోవడం లేదు.

గేటు దగ్గర వరసలో ఎవరో వరసగా నాలుగు తుమ్ములు తుమ్మారు.

"ఏమయ్యా, మా అందర్నీ తీసుకుపోదామనే వచ్చావా?" వెనక నిలబడ్డ ఆవిడ గయ్యిమంది.

"పుప్పొడి తల్లీ! ఏటా ఇంతే నాకు."

"పోయినవాళ్లూ పుప్పొడే అన్నారు!"

ఓర్ఫెలీనా వెళ్లి ఇద్దరి మధ్యా నిలబడింది.

"కళ్లు దురదా?"

"పీకి పక్కన పెట్టాలనిపిస్తోంది."

"జ్వరం?"

"లేదు."

"వాసన తెలుస్తోందా?"

"పదకొండేళ్లుగా తెలియదు నర్సమ్మా. ఈ ముక్కు ఉత్త అలంకారానికి."

వరసలో ఒకరిద్దరు నవ్వారు. ఆమె అతని నుదుటికి థర్మామీటరు ఆనించి చూసి, మూడో కుర్చీ చూపించింది.

ఇరవై ఏడేళ్లుగా ఆమె పని ఇదే. చొక్కా చెయ్యి పైకి మడవమనడం, సూది వెయ్యడం, "అరగంట కూర్చుని వెళ్లాలి" అనడం, అరగంటయ్యాక వాపు ఎంతుందో వేలితో నొక్కి చూడడం. ఒంటికి పడక మనిషి కూలిపోతే వెంటనే పొడవడానికి అడ్రినలిన్ సూది ఎప్పుడూ జేబులో ఉంటుంది. ఊళ్లో సగంమందిని ఆమె మొహాల కన్నా ముందు భుజాలతో గుర్తుపడుతుంది. మాస్కులు వచ్చాక అందరూ తికమకపడ్డారు గానీ ఆమెకేమీ తేడా పడలేదు.

మొగుడు పెళ్లయిన నాలుగో ఏట దేశం ఉత్తరాన ఉన్న గనుల్లో పనికి వెళ్లాడు. రెండేళ్లు ఉత్తరాలు రాశాడు, తరవాత మానేశాడు. ఆమె వెతకలేదు. ఒక ముసలి విధవరాలి ఇంట్లో వెనక గది అద్దెకు తీసుకుంది. సాయంత్రం టీ, రొట్టె మీద కాస్త అవకాడో, రేడియో. సూది వేయించుకుని కూర్చున్నవాళ్లు ఆ అరగంటా ఏదో ఒకటి చెబుతారు, ఆమె వింటుంది. ఆమె బతుకులో సంభాషణలన్నీ అరగంటవే.

ఆ పూట పదిహేడు మందికి సూదులు వేసింది. నిలబడే బీన్స్ తినేసి, ఫోను ముందు కూర్చుంది. మధ్యాహ్నాలు జాబితా చూసి వచ్చే వారం వాళ్లను పిలవాలి. కొన్ని నంబర్లు మోగి ఆగిపోతాయి. కొన్నింటికి మరొకరు పలుకుతారు. జూన్ నుంచి అలాంటి పేర్ల పక్కన చిన్న శిలువ గుర్తు వేస్తోంది. ఇప్పటికి తొమ్మిది.

ఆరో పేరు డోన్ బెలార్మీనో. శాన్ క్లెమెంతె ఊరి అవతల తేనెటీగలు పెంచే పెద్దాయన. ఒక్క కాటుకు పెట్టెల మధ్యే పడిపోయి, చావు తప్పించుకుని వచ్చాడు. ఆ విషానికి ఒళ్లు అలవాటు పడేలా నెలకో సూది, అయిదేళ్లు. ఇంక రెండు మిగిలాయి. పోయిన నెల ఫోనులో నసిగాడు.

"బస్సు నిండా జనం నర్సమ్మా. ఒక నెల ఆగుదామా?"

"ఇప్పటికే ఆలస్యమైంది. ఇంకా ఆగితే డోసు తగ్గించి మళ్లీ మెట్టుమెట్టుగా ఎక్కాలి. ఈలోగా ఒక్క ఈగ చాలు. తప్పకుండా రండి, బయటికి రావడానికి అనుమతి కాగితం నేను తీస్తాను."

తీసింది. ఆయన వచ్చాడు. సూది వేసింది. వాపు చిన్న నాణెమంత కూడా లేదు.

ఇప్పుడు ఫోను ఎత్తింది కూతురు యాస్నా.

"నాన్న లేడమ్మా. పోయిన గురువారం పోయాడు."

"కరోనాయేనా?"

"అదే."

"జ్వరం ఎప్పుడొచ్చింది?"

యాస్నా తారీఖు చెప్పింది. ఓర్ఫెలీనా బల్ల మీద వేళ్లు ఆనించి సూది వేసిన రోజు నుంచి లెక్కపెట్టింది. ఆరో రోజు.

"ఆ రోజు ఇక్కడికి తప్ప ఇంకెక్కడికైనా వెళ్లారా?"

"ఎక్కడికీ లేదు. మీరు పిలిచారని గడ్డం గీసుకుని మరీ వెళ్లాడు. మీ దగ్గర కూర్చోవడం ఆయనకి ఇష్టం." యాస్నా గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేదనిపించింది ఓర్ఫెలీనాకు.

"నేనే రమ్మన్నాను," అంది.



"రమ్మనకపోతే ఈగ కుట్టి పోయేవాడేమో. ఎవరికి తెలుసమ్మా," అంది యాస్నా.

"ఈగల్ని ఎవరు చూస్తున్నారు?"

"నేనే. నాకు కుట్టినా ఏమీ కాదు." యాస్నా ముక్కు చీదుకుంది. "ఒక్క మాట. నాన్న కళ్లజోడు మీ దగ్గరుందా? అక్కడే మరిచిపోయానన్నాడు. ఆస్పత్రిలో నేను రాసి పంపిన చీటీ చదువుకోలేకపోయాడట."

"చూస్తాను," అంది ఓర్ఫెలీనా.

ఆరో పేరు పక్కన శిలువ వేసింది. ఏడో నంబరు తిప్పింది. "మంగళవారం పదింటికి. మాస్కు మరవకండి. అరగంట కూర్చోవాలి." ఎనిమిది, తొమ్మిది. ఆమె గొంతు ఎప్పటిలాగే ఉంది. జాబితా అయిపోయాక లేచి బీరువా తెరిచింది.

రోగులు మరిచిపోయిన వస్తువులన్నీ విడివిడిగా ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, పద్నాలుగు రోజులాగి తెరవాలి. ఎప్పుడు తెరవాలో సంచి మీద తారీఖు రాసేది ఆమే. ఒక సంచిలో శాలువా, ఒకదాంట్లో గొడుగు. మూడోదాని తారీఖు దాటి పదకొండు రోజులైంది; ఆ తారీఖుకు డోన్ బెలార్మీనో ఇంకా బతికే ఉన్నాడు. దాన్ని కిటికీ వెలుగులోకి తెచ్చి, ముడి విప్పకుండా అరచేతిలో పెట్టుకుంది. లోపల కళ్లజోడు. ఎడమ కాడ విరిగితే నల్లటి కరెంటు టేపు చుట్టి ఉంది. రెండు అద్దాల కింది అంచునా, మాస్కులోంచి పైకెగసిన ఊపిరి ఆరి కట్టిన సన్నని తెల్లచార.