రెండు వాసనలు

నాలుక బయటపెట్టి, ఎడమకూ కుడికీ తిప్పి చూపించి, లోపలికి లాక్కుని, "అయిందాండీ?" అన్నాడు శోభనాద్రి. ప్రేమమ్మ కళ్లజోడు సర్దుకుని, మాత్ర నిజంగానే మింగాడని నమ్మకం కుదిరాక తలూపింది. యాభై దాటిన మనిషి రోజూ పొద్దున్నే ఇలా నిలబడటం మొదట్లో తల కొట్టేసినట్టుండేది. ఇవాళ మాత్రం నాలుకేమిటి, అడిగితే ముప్ఫై రెండు పళ్లూ లెక్కపెట్టించుకునేలా ఉన్నాడు.

మచిలీపట్నంలోని ఆ పెంకుటింట్లో నలుగురు మగవాళ్లుంటారు. నలుగురూ తాగుడు మానుతున్నవాళ్లే. పగలు ఎవరి పనికి వాళ్లు వెళ్తారు, పిలిచిన రోజున ఆసుపత్రి ఓపీలో డాక్టరుకి కనిపిస్తారు, సాయంత్రానికి ఇక్కడికే చేరతారు. వండిపెట్టేదీ కనిపెట్టి ఉండేదీ ప్రేమమ్మ. ఆమె భర్తను మందే మింగేసింది. అందుకే ఆవిడ దగ్గర దయ ఎంతో కచ్చితమూ అంతే. తాగి వస్తే పెట్టె వీధిలో ఉంటుంది, మరో మాట లేదు.

"పూర్ణచంద్రరావుగారు ఇవాళ నన్ను మళ్లీ అచ్చుబల్ల దగ్గర నిలబెడతానన్నారండీ."

"నిన్నట్నుంచీ మీరు ఆ మాటే చెబుతున్నారు. ముందు ఆ గుండీలు సరిగ్గా పెట్టుకోండి."

చూసుకుంటే ఒక గుండీ తప్పి చొక్కా వంకరగా వేలాడుతోంది. నవ్వుకుంటూ సరిచేసుకుని పెడన బస్సుకి పరిగెత్తాడు.

మీసాలు రాకముందే కలంకారీ అచ్చు పట్టిన చెయ్యి అది. అంచు వేస్తే ఒక పువ్వు తీగ ఎక్కడ ఆగిందో, పక్క పువ్వు తీగ ఎక్కడ మొదలైందో కనిపెట్టడం ఎవరి తరమూ అయ్యేది కాదు. ఆ చేతిని మందు పట్టింది. వేళ్లు వణికాయి, పువ్వు మీదికి పువ్వు ఎక్కింది. యజమాని పూర్ణచంద్రరావు కొన్నాళ్లు ఓర్చుకుని, చివరికి బల్ల దగ్గర్నుంచి తప్పించి కాలవలో గుడ్డలు ఉతికే పనికి పంపాడు. భార్య చిలకమ్మ పంచాయితీలు పెట్టలేదు, పుట్టింటికీ పోలేదు. "మళ్లీ బల్ల దగ్గర నిలబడ్డ రోజున ఇంటికి రండి" అని తలుపేసుకుంది.

షెడ్డులో బల్ల మీద చీర పరిచి ఉంది. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన బట్ట, లేత పసుపు. పక్కనే కసిమి కుండ. తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్లలో వేసి పులియబెట్టిన నల్లరంగు అది. మూత తియ్యగానే పులిసిన వాసన గుప్పుమంది. శోభనాద్రి ఊపిరి బిగబట్టి, అచ్చును రంగులో అద్ది, బట్ట మీద ఆనించి, పిడికిలితో ఒక్కటి గుద్దాడు.

అచ్చు లేపితే నల్లటి పువ్వు. పక్కన ఇంకోటి. జోడు కుదిరింది! మూడోది, నాలుగోది. చెయ్యి తనదేనా అని మధ్యలో ఆపి చూసుకున్నాడు. వణకడం లేదు. మధ్యాహ్నం అన్నం సంగతే మరిచిపోయాడు. కుండ ఒలికి చొక్కా తడిసిన సంగతీ పట్టించుకోలేదు. సాయంత్రం యజమాని అంచు పొడవునా వేలు పోనిచ్చి చూశాడు.

"రేపట్నుంచి ఈ బల్ల నీదే శోభనాద్రీ."

బస్సులో కూర్చోలేకపోయాడు, ఖాళీ సీట్లున్నా నిలబడే వచ్చాడు. గుమ్మంలోకి ఉరికినట్టు వచ్చి, "ప్రేమమ్మగారూ" అని నోరు తెరిచాడో లేదో, ఆవిడ ముఖం మాడిపోయింది. పులిసిన బెల్లం వాసన, సారా వాసనకు అచ్చం తోబుట్టువు. ఇన్నాళ్లూ కాలవ దగ్గర ఉన్నవాడు కాబట్టి ఆ వాసన ఈ గుమ్మం ఎప్పుడూ ఎక్కలేదు.

"రంగండీ, నల్లరంగు వాసన."

ఆవిడ భర్త కూడా ఇలాగే రోజుకో వాసన పేరు చెప్పేవాడు. పరాయి మగవాడి నోటి దగ్గర ప్రేమమ్మ ముక్కు పెట్టలేదు, తాగిందీ లేనిదీ ఊదించి చూసే మిషనున్న ఓపీ ఆ వేళకి మూసేశారు. ఆవిడ లోపలికెళ్లి, పెట్టె తెచ్చి వీధిలో పెట్టి, తలుపు దగ్గరగా వేసింది.

వీధి చివర బ్రాందీ షాపు లైటు వెలిగింది. ఎలాగూ తాగావన్నారు, తాగేస్తే పోలా? ఆ మాట లోపలి నుంచి స్పష్టంగా వినబడింది. కాళ్లు లేచాయి కూడా. శోభనాద్రి వాటిని వెనక్కి లాగి, పెట్టె మీద కూలబడి, చిలకమ్మకు ఫోన్ చేశాడు.

"నేను తాగలేదు చిలకా."

"అక్కణ్నుంచి కదలకండి" అంది చిలకమ్మ.

కాసేపటికి ఆవిడ ఆటో దిగి, ఎవరినీ పలకరించకుండా, అతని భుజాలు పట్టుకుని చొక్కా వాసన చూసింది. తర్వాత వీధిలో అందరూ చూస్తుండగానే నోటి వాసన చూసింది. తలుపు తీసి నిలబడ్డ ప్రేమమ్మ వైపు తిరిగింది.

"ఇది కసిమి అండీ. నోరు శుభ్రంగా ఉంది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ, సందెవేళ ఈయన గుమ్మం ఎక్కగానే ఈ రెండు వాసనల్లో ఏదొచ్చిందా అని చూసుకోవడమే నా బతుకండీ. నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"తొందరపడ్డాను" అంది ప్రేమమ్మ.

"నేనైనా అంతే చేసేదాన్ని." చిలకమ్మ భర్తను ఎగాదిగా చూసింది. "ఇంత రంగు మీద పడిందంటే..."

"బల్ల నాదే అన్నారు చిలకా."

చిలకమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, పెట్టె ఒక పక్క పట్టుకుంది. "ఎలాగూ బయటే ఉందిగా, ఇంక లోపలికెందుకు? ఇంటికి పదండి."

ప్రేమమ్మ మాత్రల పొట్లం తెచ్చి చిలకమ్మ చేతిలో పెట్టింది. నాలుక తిప్పించి చూడమనీ, ఓపీ మానొద్దనీ చెప్పింది. శోభనాద్రి చేతులు జోడించి "వెళ్లొస్తానండీ" అన్నాడు.

"ఈ గుమ్మంలో అలా అనకూడదు. వెళ్తున్నానని చెప్పండి."

"వెళ్తున్నానండీ."

అతను సంతోషం పట్టలేక డ్రైవరుకి కూడా బల్ల కబురు చెబుతుండగా ఆటో మలుపు తిరిగిపోయింది. ప్రేమమ్మ లోపలికొచ్చింది. వంటింట్లో, పెట్టె వీధిలో పెట్టి వచ్చిన వెంటనే అతని కోసం వడ్డించి ఉంచిన అన్నం కంచం, పైన బోర్లించిన మూతతో అలాగే ఉంది.